మాడ్రిడ్ ముట్టడి: ప్రజాదళాలు సైన్యంగా మారిన తీరు

1936 జూలైలో స్పెయిన్‌లో సైనిక తిరుగుబాటు మొదలైందన్న వార్త రాజధాని మాడ్రిడ్‌కు చేరగానే కార్మిక సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. వాళ్ళు అడిగింది ఒక్కటే: మాకు తుపాకులివ్వండి. రెండు రోజులు తటపటాయించిన ప్రభుత్వం చివరికి ఆయుధాగారం తలుపులు తెరిచింది. అక్కడ సుమారు అరవై ఐదు వేల తుపాకులున్నాయి. వాటిలో ఐదు వేల వాటికే బోల్టులున్నాయి. మిగిలిన బోల్టులు నగరం పడమటి అంచున ఉన్న మోంతాన్యా సైనిక శిబిరంలో భద్రపరిచి ఉన్నాయి. ఆ శిబిరం తిరుగుబాటుదారుల చేతిలో ఉంది.

తూటాను గొట్టంలోకి తోసేది, పేలేటప్పుడు వెనక నుంచి గట్టిగా మూసి ఉంచేది, పేలిన తర్వాత ఖాళీ తొడుగును బయటికి లాగేది బోల్టే. అరచేతిలో ఇమిడే ఆ ఉక్కు ముక్క లేని తుపాకీ ఎందుకూ కొరగాదు. జూలై 20న జనం, ప్రభుత్వానికి విధేయంగా ఉన్న పోలీసు దళాలు కలిసి మోంతాన్యా శిబిరాన్ని ముట్టడించి పట్టుకున్నాక గానీ ఆ తుపాకులకు ప్రాణం రాలేదు.

ఆయుధం చేతిలో ఉండటానికీ అది పనిచేయడానికీ మధ్య ఎంత దూరముంటుందో మాడ్రిడ్ ప్రజలకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత రెండున్నరేళ్ళకు పైగా ఆ దూరాన్ని తగ్గించే పనిలోనే వాళ్ళు గడిపారు. ఈ నగర రక్షణను వీరగాథగా చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. వీరత్వం నిజంగానే ఉంది, దాన్ని తక్కువ చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ వీరత్వం ఆగస్టులోనూ ఉంది, సెప్టెంబరులోనూ ఉంది. అప్పుడు నిలవని దళాలు నవంబరులో ఎలా నిలిచాయన్నదే శాస్త్రీయంగా పరిశీలించవలసిన ప్రశ్న.

తిరుగుబాటు చేసిన అధికారుల ఆజ్ఞలు పాటించనవసరం లేదని ప్రభుత్వం సైనికులకు ప్రకటించడంతో మాడ్రిడ్‌లో పాత సైన్యం దాదాపు కరిగిపోయింది. ఆ స్థానంలో ప్రజాదళాలు పుట్టుకొచ్చాయి. సోషలిస్టులకు ఒకటి, కమ్యూనిస్టులకు ఒకటి, అనార్కిస్టు కార్మిక సంఘానికి ఒకటి, రిపబ్లికన్ పార్టీలకు మరొకటి. క్షురకులు ఒక బెటాలియన్‌గా, బడిపంతుళ్ళు ఇంకొక బెటాలియన్‌గా, అచ్చుపనివాళ్ళు మరొకటిగా ఏర్పడ్డారు. రోజుకు పది పెసెటాల జీతం. అప్పటి కూలి రేట్లతో పోలిస్తే అది మంచి మొత్తమే. నాయకులను కొన్నిచోట్ల ఓటు వేసి ఎన్నుకునేవారు. దాడి చేయాలా వద్దా అన్నది కూడా కొన్ని దళాల్లో చర్చించి తేల్చుకునేవారు.

ఉత్తరాన గ్వదర్రామా పర్వతాల్లో ఈ దళాలు శత్రువును ఆపగలిగాయి. కొండ దారులు ఇరుకు, బండల చాటు పుష్కలం, పక్కనుంచి చుట్టుముట్టే వీలు తక్కువ. దక్షిణం నుంచి వచ్చిన శత్రువు వేరు. మొరాకోలో ఏళ్ళ తరబడి పోరాడి ఆరితేరిన విదేశీ లీజియన్, మొరాకో రెగ్యులర్ దళాలు ఆగస్టు మొదట్లో సెవిల్ నుంచి బయలుదేరి సెప్టెంబరు 3కల్లా తలవేరా పట్టణాన్ని పట్టుకున్నాయి. నెల రోజుల్లో సుమారు ఐదు వందల కిలోమీటర్లు. ప్రతిచోటా ఒకటే పద్ధతి: ప్రజాదళం రోడ్డుకు అడ్డంగా నిలబడుతుంది, లీజియన్ ముందు నుంచి కాల్పులతో దాన్ని కట్టిపడేస్తుంది, ఈలోగా మొరాకో దళాలు పొలాల గుండా పక్కకు తిరిగి వెనక్కి చేరతాయి. అంతే, దళం మొత్తం లేచి రోడ్డు వెంట పరుగు తీస్తుంది. ఆ పరుగులోనే ఎక్కువమంది చనిపోయారు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం తేలిక. కానీ యుద్ధంలో మనిషి నిలబడటానికి ఆధారం అతని గుండెధైర్యం మాత్రమే కాదని సైనిక శాస్త్రం ఎప్పుడో గుర్తించింది. తన కుడి పక్కన, ఎడమ పక్కన ఉన్నవాళ్ళు అక్కడే ఉన్నారన్న నమ్మకం మీద అతను నిలబడతాడు. ఆ నమ్మకానికి టెలిఫోను తీగ కావాలి, వార్తాహరులు కావాలి, పక్క దళంతో పొత్తు కావాలి. పార్టీకో దళం, దళానికో సేనాని ఉన్నచోట ఇవేవీ లేవు. కుడి పక్క సోషలిస్టులు, ఎడమ పక్క అనార్కిస్టులు, మధ్యలో అరకిలోమీటరు ఖాళీ. ఆ ఖాళీలో ఏం జరుగుతోందో ఇరువురికీ తెలియదు. చుట్టుముట్టారన్న ఒక్క కేక చాలు.

రెండో లోపం కందకాలు తవ్వకపోవడం. నేలలో దాక్కోవడం వీరులు చేసే పని కాదన్న భావన తొలి దళాల్లో బలంగా ఉండేది. ఫిరంగి గుండు నేలను తాకి పేలినప్పుడు దాని శకలాలు ఎక్కువగా పక్కలకూ పైకీ చిమ్ముతాయి. నేల మట్టానికి ఒక మీటరు కింద ఉన్నవాడికి గుండు నేరుగా గుంటలో పడితే తప్ప పెద్ద ప్రమాదం లేదు. మైదానంలో నిలబడ్డవాడి ఒళ్ళంతా లక్ష్యమే. ఈ లెక్క మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల ప్రాణాలు పోయాక యూరప్ నేర్చుకున్నది. ఆ యుద్ధంలో స్పెయిన్ పాల్గొనలేదు. మూల్యం 1936లో చెల్లించింది.

అక్టోబరులో ప్రభుత్వం ప్రజాదళాలను సైన్యంలో కలిపే ఉత్తర్వులు అమలు చేయసాగింది. మిశ్రమ బ్రిగేడ్లు అప్పుడే పుట్టాయి. నాలుగు పదాతి బెటాలియన్లు, వాటితోపాటు ఫిరంగులు, ఇంజనీర్లు, వైద్యులు, సమాచార విభాగం, సరఫరా విభాగం, అన్నీ ఒకే సేనాని కింద. మొత్తం మీద సుమారు నాలుగు వేల మంది. మొదటి మిశ్రమ బ్రిగేడ్‌కు సేనాని ఎన్రికె లిస్తెర్, రాళ్ళు కొట్టే పనివాడు. ఈ కొత్త పద్ధతికి నమూనాగా నిలిచింది కమ్యూనిస్టు పార్టీ నడిపిన ఐదో రెజిమెంటు. కవాతు, వందనం, ఆజ్ఞ, శిక్షణ అక్కడ మొదటి రోజు నుంచీ ఉండేవి. దాని వెనక పార్టీ ప్రయోజనాలు లేకపోలేదు. ఆయుధాల పంపకంలోనూ పదవుల పంపకంలోనూ ఆ పార్టీ తన వాళ్ళకే పెద్దపీట వేసిందన్న ఆరోపణలో నిజముంది. అయినా పద్ధతి సరైనదని మిగతా పార్టీలు కూడా క్రమంగా ఒప్పుకోక తప్పలేదు.

అందుకు నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం సిప్రియానో మేరా. తాపీ పని చేసుకునే మాడ్రిడ్ అనార్కిస్టు. పై అధికారి, కింది సైనికుడు అన్న భేదమే ఉండకూడదని జీవితమంతా నమ్మినవాడు. ఎవరినీ ఆజ్ఞాపించనక్కర లేదు, నచ్చజెబితే చాలు అన్నది అతని సిద్ధాంతం. నవంబరు నష్టాల్లో తన కళ్ళెదుటే సహచరులు చెల్లాచెదురై చనిపోవడం చూశాక, క్రమశిక్షణ లేకుండా ఈ యుద్ధం చేయలేమని అతనే సేనాధిపతుల దగ్గరికి వెళ్ళి చెప్పాడు. హోదా తీసుకున్నాడు, యూనిఫారం వేసుకున్నాడు. 1937 మార్చిలో గ్వదలహారా దగ్గర తిరుగుబాటుదారుల వైపు పోరాడిన ఇటలీ దళాలు ఓడిపోయినప్పుడు అతను ఒక డివిజన్‌కు సేనాని.

అయితే మిశ్రమ బ్రిగేడ్లు కాగితం మీద ఏర్పడినంత వేగంగా నేల మీద ఏర్పడలేదు. అక్టోబరు 29న సెసేన్యా గ్రామం దగ్గర సోవియట్ టీ-26 ట్యాంకులు శత్రు పంక్తులను చీల్చుకుని లోపలికి దూసుకుపోయాయి. వాటి వెనక రావలసిన లిస్తెర్ పదాతి దళం అందుకోలేకపోయింది. ట్యాంకులు ఒంటరిగా కొంతసేపు పోరాడి వెనక్కి వచ్చేశాయి. ట్యాంకు, పదాతి ఒకటిగా కదలకపోతే ఏదీ నిలవదన్న సంగతి ఆ ఒక్క రోజు తేల్చిచెప్పింది.

నవంబరు 6. శత్రువు నగరం శివార్లలో ఉన్నాడు. ఆ సాయంత్రం ప్రధాని లార్గో కబయ్యేరో ప్రభుత్వం వాలెన్సియాకు తరలిపోయింది. వెళ్తూ వెళ్తూ ఇద్దరు జనరళ్ళ చేతుల్లో సీలు వేసిన కవర్లు పెట్టారు, మరునాటి ఉదయం ఆరు గంటల దాకా తెరవొద్దన్న ఆజ్ఞతో. జనరల్ హోసే మియాహా, జనరల్ పోసాస్ ఆ ఆజ్ఞ పాటించకుండా కవర్లు ముందే తెరిచారు. తీరా చూస్తే ఒకరి ఉత్తర్వు మరొకరి కవరులో ఉంది. ఆజ్ఞను అక్షరాలా పాటించి ఉంటే ఇద్దరూ తమ తమ స్థావరాలకు చేరుకుని మర్నాటి ఉదయం ఒకరి ఉత్తర్వు ఒకరు చదువుకునేవారు. మియాహాకు దక్కిన బాధ్యత మాడ్రిడ్ రక్షణ. సిబ్బంది అధిపతిగా దొరికినవాడు లెఫ్టినెంట్ కల్నల్ విసెంతె రోహో. సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, కాథలిక్ భక్తుడు, ఏ పార్టీకీ చెందనివాడు. మాడ్రిడ్‌కు ముఖం మియాహా అయితే బుర్ర రోహో అని నా అభిప్రాయం.

ఆ రాత్రి రోహో చేసిన పని యుద్ధం కన్నా ముందు జనాభా లెక్కల్లాంటిది. ఏ దళం ఎక్కడుంది? ఎంతమంది మిగిలారు? ఎవరి దగ్గర ఎన్ని తూటాలున్నాయి? ఈ ప్రశ్నలకు జవాబులు ఎవరి దగ్గరా లేవు. కార్మిక సంఘాలు పంపిన వేలమందికి తుపాకులు లేవు. ముందున్నవాడు పడిపోతే అతని తుపాకీ అందుకోవడానికి వెనక నిలబడాలని వాళ్ళకు చెప్పారు. నగరాన్ని విభాగాలుగా విడగొట్టి, ఒక్కో విభాగానికి ఒక్కో సేనానిని నియమించి, వాళ్ళందరినీ తన టెలిఫోనుకు కలిపాడు రోహో. ఆగస్టులో లేనిది ఇదే. పక్కన ఎవరున్నారో ప్రతి దళానికీ తెలిసింది.

మరునాడు అదృష్టం కలిసి వచ్చింది. ప్రజాదళం ధ్వంసం చేసిన ఒక ఇటాలియన్ ట్యాంకులో చనిపోయిన అధికారి దగ్గర శత్రు సేనాని జనరల్ వరేలా దాడి ప్రణాళిక పూర్తి ప్రతి దొరికింది. దక్షిణాన కరబంచెల్ వైపు జరిగేది కేవలం దృష్టి మళ్ళించే దాడి. అసలు దెబ్బ పడమట కాసా దె కాంపో పార్కు మీదుగా యూనివర్సిటీ సిటీ వైపు. తేదీ నవంబరు 7 అని ఉంది, కానీ ఆ రోజు అది జరగలేదు. అంటే రేపు జరుగుతుంది. రోహో రాత్రికి రాత్రే మంచి దళాలను పడమటికి మళ్ళించాడు. దీన్ని అదృష్టమనే అంటారందరూ. వేల మందిని చీకట్లో ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు నడిపించగల ఏర్పాటు అప్పటికే లేకపోయి ఉంటే ఆ కాగితం ఎందుకు పనికొచ్చేది?

నవంబరు 8న అసలు దాడి మొదలైంది. అదే రోజు పదకొండవ అంతర్జాతీయ బ్రిగేడ్, సుమారు రెండు వేల మంది, గ్రాన్ వీయా వీధిలో కవాతు చేసుకుంటూ ముందు పంక్తికి చేరింది. జర్మన్లు, ఫ్రెంచివాళ్ళు, పోలండువాళ్ళు, కొద్దిమంది బ్రిటిషువాళ్ళు. నగరాన్ని కాపాడింది వాళ్ళేనని చాలాకాలం ప్రచారం జరిగింది. వాళ్ళ త్యాగం గొప్పదే, నష్టాలు దారుణమైనవే. అయినా మొదటి రోజు దెబ్బ కాచుకున్నవాళ్ళలో అత్యధికులు స్పెయిన్ వాళ్ళు, ముఖ్యంగా మాడ్రిడ్ వాళ్ళు. ఈ సంగతి సూటిగా చెప్పుకోవాలి.

భూగోళం కూడా వాళ్ళ పక్షాన నిలిచింది. మాడ్రిడ్ ఎత్తైన పీఠభూమి మీద ఉంది. పడమట మన్సనారెస్ నది సన్నది, చాలాచోట్ల నడిచి దాటవచ్చు, కానీ గట్లు కట్టిన కాలువలా ఉంటుంది. దాటినవాడు ఏటవాలు ఎక్కాలి. మైదానంలో దాడిచేసేవాడి బలం చుట్టుముట్టే వేగంలో ఉంది. ఇళ్ళ మధ్య ఆ వేగం చచ్చిపోతుంది. పక్కకు తిరగాలంటే గోడ, వెనక్కి చేరాలంటే మరో వీధి. కేవలం పదిహేను, ఇరవై వేల మంది దాడి సైన్యంతో పది లక్షల జనాభా ఉన్న నగరంలోకి చొరబడటమంటే ఆ సైన్యం గదుల్లోనూ మెట్ల మీదా ఇంకిపోవడమే. కొత్తగా తుపాకీ పట్టినవాడు మైదానంలో నిలవలేకపోయినా కిటికీ దగ్గర నిలబడగలడు. అతని వీధి అది.

నవంబరు 15న మొరాకో దళాలు నది దాటి యూనివర్సిటీ సిటీలో కాలుపెట్టాయి. ఆ రోజు బెదిరి చెదిరిన దళం ఏది అన్నది ఇప్పటికీ పార్టీల వారీగా చెప్పుకుంటారు, ఆ తగువు తీర్చడం ఈ వ్యాసం పని కాదు. అరగోన్ నుంచి తన దళంతో వచ్చిన అనార్కిస్టు నాయకుడు దుర్రుతి నవంబరు 19న అక్కడే తూటా తగిలి మరునాడు చనిపోయాడు. కొత్తగా కడుతున్న విశ్వవిద్యాలయ భవనాల్లో అంతస్తు అంతస్తుకూ పోరు సాగింది. క్లినికో ఆసుపత్రిలో కింది అంతస్తు ఒకరిది, పై అంతస్తు ఇంకొకరిదిగా ఉన్న రోజులున్నాయి. తత్వశాస్త్ర, సాహిత్య విభాగం భవనంలో అంతర్జాతీయ బ్రిగేడ్‌కు చెందిన మెషీన్‌గన్ దళం కిటికీలకు గ్రంథాలయ పుస్తకాలు పేర్చి అడ్డు కట్టుకుంది. భారతీయ తత్వశాస్త్రం, పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ తత్వశాస్త్రం లావుపాటి సంపుటాలు అందుకు బాగా పనికొచ్చాయని అక్కడ పోరాడిన వాళ్ళలో ఒకరు రాశారు. తర్వాతి కాలంలో గ్రీకు సాహిత్య పండితుడిగా పేరు పొందిన బెర్నార్డ్ నాక్స్ కూడా ఆ దళంలో ఉన్నాడు. తూటా సుమారు మూడు వందల యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయేదని ఆయన గుర్తుచేసుకున్నాడు. ఇందులో వింతేమీ లేదు. కాగితం కొయ్య గుజ్జు నుంచి వచ్చిన నారే. వందల పొరలుగా గట్టిగా నొక్కిపెట్టినప్పుడు ఒక్కో పొర తూటా శక్తిలో కొంత కొంత తినేస్తుంది.

నవంబరు 23న తిరుగుబాటుదారుల నాయకుడు జనరల్ ఫ్రాంకో నేరుగా దాడి చేయడం ఆపేశాడు. కొరున్యా రోడ్డు, హరామా, గ్వదలహారాల దగ్గర నగరాన్ని పక్కల నుంచి చుట్టుముట్టాలని చేసిన ప్రయత్నాలూ 1937 మార్చికల్లా ఆగిపోయాయి. యూనివర్సిటీ సిటీలో పంక్తి ఎక్కడ ఆగిందో యుద్ధం ముగిసేదాకా దాదాపు అక్కడే ఉంది. కొన్నిచోట్ల రెండు పక్షాల మధ్య కొన్ని పదుల మీటర్ల దూరం. నేల మీద కదలలేని యుద్ధం నేల కిందికి దిగింది. సొరంగాలు తవ్వి, శత్రువు ఉన్న భవనం కింద పేలుడు పదార్థం నింపి పేల్చేవారు. కింద తవ్వుతున్న చప్పుడు వినడానికి చెవి నేలకానించి కూర్చోవడమే కొందరి డ్యూటీ. తవ్వే శబ్దం వినపడినంతసేపూ ప్రాణానికి భరోసా. ఆగిందంటే మందు నింపుతున్నారని అర్థం.

ఒక చీకటి కోణం చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. నగరం ముట్టడిలో పడిన ఆ నవంబరులోనే, మియాహా ఆధ్వర్యంలోని రక్షణ మండలి అధికారం చెలాయిస్తున్న రోజుల్లోనే, మాడ్రిడ్ జైళ్ళ నుంచి ఖైదీలను బస్సుల్లో తీసుకెళ్ళి పరాక్వెయోస్ దగ్గర కాల్చి చంపారు. చనిపోయినవారు రెండు వేలకు పైనే. ముట్టడిలో ఉన్నాం, లోపలి శత్రువు వెన్నుపోటు పొడుస్తాడు అన్న భయం దీనికి కారణమని చెబుతారు. భయం వివరణ అవుతుంది గానీ సమర్థన కాదు. దాన్ని ఆపినవాడు కూడా ఆ పక్షం వాడే. మెల్చోర్ రోద్రీగెస్ అనే అనార్కిస్టు డిసెంబరులో జైళ్ళ బాధ్యత తీసుకుని, తన సంతకం లేకుండా ఏ ఖైదీనీ కదలనివ్వలేదు.

ఇక సైన్యం నేర్చుకున్న పాఠాల పక్కనే వైద్యులు నేర్చుకున్న పాఠాలున్నాయి. నా దృష్టిలో మాడ్రిడ్ ప్రపంచానికి మిగిల్చిన వాటిలో ఎక్కువ కాలం నిలిచేవి ఇవే.

యుద్ధరంగంలో గాయపడినవాళ్ళలో చాలామంది గాయం వల్ల కాక రక్తం కోల్పోవడం వల్ల చనిపోతారు. రక్తం పరిమాణం తగ్గేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పడిపోతుంది, చర్మం చల్లబడుతుంది. ఒక దశ దాటాక శస్త్రచికిత్స కూడా కాపాడలేదు. అందుకు విరుగుడు రక్తం ఎక్కించడం. అప్పటివరకూ వాడుకలో ఉన్న పద్ధతి దాతను రోగి పక్కన పడుకోబెట్టడం. కాల్పుల మధ్య అది కుదిరే పని కాదు. రక్తాన్ని సీసాలోకి తీసి, గడ్డకట్టకుండా నిల్వ ఉంచి, గాయపడినవాడి దగ్గరికి మోసుకుపోవాలి.

దానికి కావలసిన జ్ఞానం ముక్కలు ముక్కలుగా అప్పటికే ఉంది. 1901లో లాండ్‌స్టైనర్ రక్త వర్గాలు కనుగొన్నాడు. 1914 నాటికి సోడియం సిట్రేట్ సంగతి తెలిసింది. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం అయాన్లు అవసరం, సిట్రేట్ వాటిని పట్టేసుకుంటుంది, గడ్డకట్టే ప్రక్రియ ఆగిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో నిల్వ రక్తాన్ని కొద్దిగా వాడారు కూడా. స్పెయిన్ చేసిందేమిటంటే ఈ ముక్కలను ఒక నిత్య సరఫరా వ్యవస్థగా కూర్చడం. బార్సెలోనాలో డాక్టర్ ఫ్రెదెరిక్ దురాన్ హోర్దా 1936లోనే ఆ పని మొదలుపెట్టాడు. ఎవరికైనా ఎక్కించగల O వర్గం రక్తాన్ని అనేకమంది దాతల నుంచి సేకరించి, వ్యాధుల కోసం పరీక్షించి, కలిపి, సీసాల్లో నింపి, చల్లగా ఉంచి అరగోన్ యుద్ధరంగానికి పంపేవాడు. యుద్ధం ముగిసేనాటికి ఆ కేంద్రం సుమారు 9,000 లీటర్ల రక్తం సిద్ధం చేసింది.

మాడ్రిడ్‌లో ఆ పని చేసినవాడు కెనడా శస్త్రవైద్యుడు నార్మన్ బెథ్యూన్. నవంబరు 3న నగరానికి వచ్చిన బెథ్యూన్ మొదట ఆసుపత్రులన్నీ తిరిగి చూశాడు. శస్త్రవైద్యులు చాలామంది ఉన్నారు, ఆసుపత్రికి చేరేలోపే చనిపోతున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. లండన్ వెళ్ళి ఒక ఫోర్డు బండి, ఫ్రిజ్, పరికరాలు కొనుక్కుని తిరిగొచ్చి ప్రిన్సిపె దె వెర్గారా వీధిలో రక్త మార్పిడి కేంద్రం తెరిచాడు. రక్తదానానికి రేడియోలో పిలుపునిస్తే జనం బారులు తీరారు. వాళ్ళు తిండికే కరువైన జనం. రాత్రిళ్ళు ఆ బండి సీసాలు మోసుకుని ముందు పంక్తి వెనకున్న చికిత్స కేంద్రాలకు వెళ్ళేది. 1946లో నోబెల్ బహుమతి పొందిన జన్యు శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ 1937లో కొన్ని వారాలు ఈ కేంద్రంలో పనిచేశాడు. మొబైల్ రక్త సరఫరాను తొలుత ప్రారంభించినవాడు బెథ్యూన్ అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. దురాన్ హోర్దా అంతకు ముందే మొదలుపెట్టాడు, అంతకన్నా పెద్ద ఎత్తున నడిపాడు. ఓడిపోయిన పక్షం వాడు కావడంతో అతని పేరు మరుగున పడింది. 1939లో ఇంగ్లండుకు ప్రవాసం వెళ్ళినప్పుడు తన అనుభవాన్ని వెంట తీసుకెళ్ళాడు. లండన్ మీద బాంబులు పడేనాటికి అక్కడ రక్త నిల్వ కేంద్రాలు సిద్ధంగా ఉన్నాయంటే అందులో బార్సెలోనా, మాడ్రిడ్ అనుభవం ఉంది.

ఈ దారిలోనే మనవాళ్ళూ కనిపిస్తారు. స్పెయిన్‌లో రిపబ్లిక్ పక్షాన వైద్యం చేసిన డాక్టర్ మదన్ మోహన్‌లాల్ అటల్ 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందానికి నాయకుడయ్యాడు. ఆ బృందంలోని వాడే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. స్పెయిన్ తర్వాత చైనాకు వెళ్ళిన బెథ్యూన్ 1939లో అక్కడే చనిపోయాక అతని పేరిట వెలసిన ఆసుపత్రికి కోట్నిస్ అధిపతిగా పనిచేశాడు.

బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా మాడ్రిడ్‌కు వచ్చి విషవాయువుల నుంచి, బాంబుల నుంచి రక్షణ గురించి సలహాలిచ్చాడు. అక్కడ చూసినదాని ఆధారంగా 1938లో వైమానిక దాడుల నుంచి రక్షణపై ఒక పుస్తకం రాసి, లోతైన భూగర్భ ఆశ్రయాలు కట్టాలని బ్రిటన్‌ను కోరాడు. చివరి ఏళ్ళు భారతదేశంలో గడిపి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన జన్యు శాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడే.

రక్తం సంగతి అలా ఉంటే ఆకలి సంగతి వేరు. తూటాలకు లొంగని నగరాన్ని తిండి కొరత లొంగదీసింది. శరణార్థులతో నిండిపోయిన నగరానికి బయటి ప్రపంచంతో మిగిలింది ప్రధానంగా వాలెన్సియా వైపు దారి ఒక్కటే. గోధుమలు పండే కస్తీల్ మైదానాలు చాలావరకు శత్రువు చేతిలో ఉన్నాయి. రిపబ్లిక్ దగ్గర పెద్ద నగరాలు ఉన్నాయి, వాటి నోళ్ళు ఉన్నాయి, పొలాలు చాలినన్ని లేవు. జనం నెలల తరబడి మసూర్ పప్పు తిన్నారు. లార్గో కబయ్యేరో తర్వాత ప్రధాని అయిన హ్వాన్ నెగ్రిన్ స్వయంగా శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడు కావడంతో ఆ పప్పు గింజలకు డాక్టర్ నెగ్రిన్ మాత్రలని పేరొచ్చింది.

నెగ్రిన్ శిష్యుడు ఫ్రాన్సిస్కో గ్రాందె కొవియాన్ ముట్టడిలోని మాడ్రిడ్‌లోనే ఉండి, జనం ఏం తింటున్నారో, ఆ తిండి వల్ల ఒంట్లో ఏమవుతోందో శ్రద్ధగా నమోదు చేశాడు. పౌరుల రేషన్ రోజుకు వెయ్యి కేలరీల పరిసరాల్లోకి, చివరి శీతాకాలంలో అంతకన్నా కిందికి జారింది. పనిచేసుకునే మనిషికి కావలసిన దాంట్లో అది సగం కూడా కాదు. బరువు తగ్గడం ఒక్కటే అయితే ఊహించదగినదే. కొందరికి అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్ళు భరించలేని నొప్పులు. కొందరికి చూపు మందగించింది. కొందరికి ఎండ తగిలిన చోట చర్మం ఎర్రబడి నల్లబారి పొలుసులు లేచింది. చివరిది పెల్లాగ్రా. నయాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే వ్యాధి.

ఈ వ్యాధిని తొలిసారి వర్ణించినవాడు పద్దెనిమిదో శతాబ్దపు స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్. మొక్కజొన్న తిని బతికే అస్తూరియాస్ ప్రాంతపు పేదల్లో చూశాడు. మెడ చుట్టూ హారంలా ఏర్పడే ఆ మచ్చకు ఇప్పటికీ అతని పేరే ఉంది. గ్రాందె కొవియాన్ పుట్టింది కూడా అస్తూరియాస్‌లోనే. తన సొంత ప్రాంతపు పల్లెల్లో రెండు వందల ఏళ్ళ కిందట నమోదైన వ్యాధిని అతను ఆధునిక రాజధాని నడిబొడ్డున చూడవలసి వచ్చింది. నయాసిన్‌కు పెల్లాగ్రాను నయం చేసే గుణం ఉందని అమెరికాలో ఎల్వెహెమ్ కనుగొన్నది 1937లో, అంటే ముట్టడి సాగుతుండగానే. తెలుగు పాఠకులకు ఈ వ్యాధి పరాయిది కాదు. జొన్న ప్రధాన ఆహారంగా బతికిన తెలంగాణ పేదల్లోనూ ఇది కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకాంతియా 1960లో జొన్నలోని ల్యూసిన్‌కూ పెల్లాగ్రాకూ ఉన్న సంబంధంపై తమ సిద్ధాంతాన్ని ప్రచురించారు. ఒకచోట యుద్ధం, ఇంకొకచోట పేదరికం. శరీరానికి ఆ తేడా తెలియదు, దానికి నయాసిన్ అందలేదు, అంతే.

ఆకలితో పాటు అలసట వచ్చింది, అలసటతో పాత తగవులు మళ్ళీ పైకి లేచాయి. 1939 ఫిబ్రవరిలో కాతలూన్యా మొత్తం పోయింది. మార్చి 5న కల్నల్ సెగిస్ముందో కసాదో మాడ్రిడ్‌లో నెగ్రిన్ ప్రభుత్వంపై తిరుగుబాటు చేశాడు. ఫ్రాంకోతో మాట్లాడి గౌరవంగా లొంగిపోవచ్చన్నది అతని ఆశ. వయోవృద్ధుడైన సోషలిస్టు హులియాన్ బెస్తెయ్‌రో అతనితో చేరాడు. సిప్రియానో మేరా కూడా చేరాడు. క్రమశిక్షణ నేర్చుకుని సేనాని అయిన ఆ తాపీ పనివాడి దళాలే కమ్యూనిస్టు సేనానుల దళాలను మాడ్రిడ్ వీధుల్లో అణచివేశాయి. 1936 నవంబరులో పక్కపక్కన నిలబడటం నేర్చుకున్నవాళ్ళు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఫ్రాంకో షరతులేమీ ఒప్పుకోలేదు.

మార్చి 28న, శత్రువు నగరం మీద విరుచుకుపడ్డ 28 నెలల 20 రోజులకు, శిథిలమైన క్లినికో ఆసుపత్రి దగ్గర మాడ్రిడ్ సైన్యం లొంగిపోయింది. వరేలా దళాలు రెండు వారాలపాటు రక్తం ధారపోసినా దాటలేని గీతను విజేతలు ఆ రోజు పోరాడకుండానే దాటి లోపలికి వెళ్ళారు.

మియాహా మెక్సికోలో చనిపోయాడు. గ్రాందె కొవియాన్ తర్వాత అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, ఆకలిపై ప్రసిద్ధ ప్రయోగాలు చేసిన ఆన్సెల్ కీస్‌తో కలిసి పనిచేశాడు. రోహో బొలీవియాలో సైనిక పాఠశాలలో చాలాకాలం పాఠాలు చెప్పి 1957లో స్పెయిన్‌కు తిరిగొచ్చాడు. ఫ్రాంకో సైనిక కోర్టు ఆయన మీద కేసు పెట్టి జీవిత ఖైదు విధించి, ఆ పైన క్షమాభిక్ష పెట్టింది. ఆరోపణ ఏమిటంటే, సైనిక తిరుగుబాటుకు సహకరించడం. తిరుగుబాటు చేసినవాళ్ళు న్యాయపీఠం మీద కూర్చుని, ఎన్నికైన ప్రభుత్వానికి ఇచ్చిన మాటకు కట్టుబడి రాజధానిని కాపాడిన సైనికుడి మీద మోపిన నేరమది. చరిత్ర ముందు ఆ తీర్పు చెల్లదు.